ఏడిస్ దోమ ఆర్‌ఎన్‌ఏను చదివి ఇచ్చిన సీక్వెన్సింగ్ సేవ: ఒక సమీక్ష

పోయిన ఏడాది మా జంతుశాస్త్ర విభాగం నుంచి హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు సీక్వెన్సింగ్ సంస్థకు 18 నమూనాలు పంపాము. అన్నీ డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టి ఆడదోమల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ నమూనాలే; ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి తెలుసుకోవచ్చు. సగం కొవ్వు దేహానివి (పోషకాలను నిల్వ చేసి, గుడ్డు సొన ప్రోటీన్లను తయారు చేసే కణజాలం అది), సగం అండాశయాలవి. డబ్బు కట్టి, ఎదురుచూసి, మధ్యలో ఒక వివాదాన్ని తేల్చుకొని, డేటా చేతికి వచ్చిన తరువాత ఆరు నెలల పాటు దానితోనే కూర్చున్నాను కనుక, ఆ సేవలో ఏది బాగుందో ఏది బాగా లేదో ఇప్పుడు నిలకడగా చెప్పగలననుకుంటున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను చూసిన లోపాలు మనుషుల, ఎలుకల నమూనాల కోసం రూపొందించిన పద్ధతిని కీటకాలకు కూడా అలాగే వర్తింపజేయడం వల్ల వచ్చినవి. ఈ పని ఎవరికి అప్పగించినా పరిశోధక విద్యార్థులు ఈ విషయాలను ముందుగా తెలుసుకొని ఉండాలి.

మాకు ఇచ్చిన కొటేషన్ ప్రకారం లైబ్రరీ తయారీ (ఆర్‌ఎన్‌ఏను యంత్రం చదవగలిగే డీఎన్‌ఏ ముక్కలుగా మార్చడం), సీక్వెన్సింగ్ కలిపి ఒక్కో నమూనాకు 13,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,76,120 రూపాయలు. విశ్లేషణ నివేదిక కావాలంటే నమూనాకు మరో 2,500 రూపాయలు అన్నారు. అది కూడా తీసుకున్నాము. పన్నుతో కలిపి 53,100 రూపాయలు అయింది. ప్రతి నమూనా నుంచి రెండు వైపులా 150 అక్షరాల చొప్పున కనీసం 3 కోట్ల జత రీడ్లు (యంత్రం చదివిన ముక్కలు), అంటే సుమారు 9 గిగాబేసుల (900 కోట్ల అక్షరాల) డేటా, ఆరు వారాల్లో ఇస్తామన్నారు. ఈ మొదటి బిల్లుకు తగిన విలువ దక్కిందని, రెండవ బిల్లుకు దక్కలేదని నా అభిప్రాయం. కారణం అర్థం కావాలంటే ఈ దోమ గుడ్డు ఎలా తయారవుతుందో కొంత చెప్పాలి.

ప్యూపా నుంచి బయటికి వచ్చిన ఆడదోమ వెంటనే గుడ్లు పెట్టలేదు. మొదటి మూడు రోజుల్లో దాని శరీరంలో జువెనైల్ హార్మోను మట్టం పెరుగుతుంది. ఆ హార్మోను మెథోప్రీన్ టాలరెంట్ అనే గ్రాహక ప్రోటీనుతో కలిసి కొవ్వు దేహంలోని జన్యువులను ఒక క్రమంలో మేల్కొలుపుతుంది, మరికొన్నిటిని అణచి ఉంచుతుంది. (మెథోప్రీన్ అనే కృత్రిమ జువెనైల్ హార్మోనును తట్టుకొని బతికిన డ్రోసోఫిలా ఈగల్లో ఈ జన్యువును మొదట గుర్తించారు కనుక దానికి ఆ పేరు నిలిచిపోయింది. ఇదే తరహాలో పనిచేసే పైరీప్రాక్సిఫెన్‌ను ఈనాడు దోమ లార్వాలపై వాడుతున్నారు.) ఈ దశలో కొవ్వు దేహం రైబోజోములను (కణంలో ప్రోటీన్లను కట్టే యంత్రాలను) సమకూర్చుకొని భారీ ఎత్తున ప్రోటీను తయారు చేసేందుకు సిద్ధపడుతుంది, అండాశయంలోని పుటికలు (గుడ్లు ఎదిగే సంచులు) కొంత పెరిగి అక్కడ ఆగిపోతాయి. రక్తం దొరికేదాకా ఆ నిలుపుదల కొనసాగుతుంది.

రక్తం తాగిన తరువాత జరిగేదంతా గంటల లెక్కన జరుగుతుంది. మెదడు నుంచి వచ్చే నాడీ హార్మోన్లు, ఇన్సులిన్‌ను పోలిన పెప్టైడ్లు అండాశయాన్ని ప్రేరేపిస్తే అండాశయం ఎక్డైసోన్‌ను తయారు చేస్తుంది. పెరిగి పెద్దయిన ఆడదోమలో ఈ హార్మోనుకు మూలం అండాశయమేనని హెన్రీ హేగెడోర్న్ బృందం 1975లో చూపించింది. అప్పటిదాకా ఎక్డైసోన్ అంటే లార్వా కుబుసం విడవడానికి పనికివచ్చే హార్మోను అనే భావన బలంగా ఉండేది. ఎక్డైసోన్ క్రియాశీల రూపమైన 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్‌గా మారి కొవ్వు దేహంలోని గ్రాహకాలకు అంటుకుంటుంది. మరోవైపు, జీర్ణమైన రక్తం నుంచి వచ్చిన అమైనో ఆమ్లాల ఉనికిని టార్ అనే సంకేత మార్గం పసిగట్టి, సొన జన్యువులను అంతవరకు మూసి ఉంచిన నిరోధక కారకాన్ని పక్కకు తప్పిస్తుంది. హార్మోను, ఆహారం అనే ఈ రెండు సంకేతాలు కలిసినప్పుడే ముఖ్యమైన సొన ప్రోటీనైన వైటెల్లోజెనిన్ జన్యువు పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. రక్తం తాగిన సుమారు 24 గంటలకు అది శిఖరానికి చేరి, 36 గంటలకల్లా బాగా తగ్గిపోతుంది. కొవ్వు దేహం విడుదల చేసిన సొన ప్రోటీన్లను పెరుగుతున్న అండకణాలు తమ ఉపరితల గ్రాహకాల ద్వారా లోపలికి తీసుకుంటాయి. దాదాపు మూడు రోజులకు వంద దాకా గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటాయి.

ఈ నియంత్రణ వ్యవస్థ గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో చాలా భాగం రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ రైఖెల్ ప్రయోగశాల దశాబ్దాల తరబడి చేసిన పని నుంచి వచ్చింది. మేము కొత్త సిద్ధాంతం కోసం వెతకలేదు. మా ఇన్సెక్టరీలో పెంచుతున్న దోమలు స్థానికంగా నీటి తొట్ల నుంచి సేకరించిన లార్వాల సంతతి. ప్రపంచంలో అందరూ వాడే ప్రామాణిక ప్రయోగశాల దోమలలో నమోదైన కాలక్రమమే వీటిలోనూ ఉందా అన్నది మా ప్రశ్న. అందుకని మూడు ఘట్టాలు ఎంచుకున్నాము: ప్యూపా నుంచి వెలువడిన 72 గంటలకు, రక్తం తాగక ముందు ఒకటి, రక్తం తాగిన 24 గంటలకు ఒకటి, 36 గంటలకు ఒకటి. ఒక్కో ఘట్టానికి మూడు స్వతంత్ర బృందాలు, బృందానికి 25 దోమలు. మొత్తం 225 దోమలను సూక్ష్మదర్శిని కింద కోసి, పేగును జాగ్రత్తగా తొలగించి, అండాశయాలను ఒక గొట్టంలో, కొవ్వు దేహం అంటి ఉన్న పొట్టగోడను మరొక గొట్టంలో భద్రపరిచాము. ఇద్దరు విద్యార్థులు రాత్రి రెండింటికి, మూడింటికి లేచి వచ్చి చేసిన పని అది. ఆ గొట్టాలలో ఏ ఒక్కటి పాడైనా మళ్లీ ఒక తరం దోమలను పెంచవలసి వస్తుందని చెబితేనే, నమూనా తిరస్కరించారన్న కబురు మాకెంత బరువుగా తోచి ఉంటుందో చదివేవారికి తెలుస్తుంది.

రవాణా విషయంలో సంస్థకు పూర్తి మార్కులు వేస్తాను. థర్మోకోల్ పెట్టెను వాళ్లే పంపారు, డ్రై ఐస్ ఎంత వేయాలో, గొట్టాల మీద పేర్లు పెన్సిలుతో రాయాలా అంటించిన చీటీలు వాడాలా అన్నంత వివరంగా కాగితం మీద రాసి ఇచ్చారు. పెట్టె చేరిన రోజే తెరిచి, లోపల ఇంకా డ్రై ఐస్ మిగిలి ఉన్నట్టు ఫోటో తీసి పంపారు. నేను ఇంతకుముందు వాడిన మరో సంస్థలో నమూనాలు రెండు రోజులు రిసెప్షన్‌లోనే ఉండిపోయిన అనుభవం ఉంది కనుక ఈ శ్రద్ధ విలువ నాకు తెలుసు.

ఐదవ రోజు ఉదయం వచ్చిన మెయిలులో 18 నమూనాలలో 16 నాణ్యతా పరీక్షలో విఫలమయ్యాయని ఉంది. ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి ఇన్ని అని చెప్పే ఆర్‌ఐఎన్ అనే కొలమానం ఉంది. వాళ్ల నియమం ప్రకారం అది 7 కన్నా తక్కువ ఉంటే నమూనాను ముందుకు తీసుకుపోరు. మా నమూనాలలో కొన్నిటికి సంఖ్య అసలు రానే లేదు. పక్కన జత చేసిన గ్రాఫులు చూడగానే సంగతి అర్థమైంది. ప్రతి గ్రాఫులోనూ ఒకే చోట, ఒకే ఒక్క కొండలా ఎత్తైన శిఖరం ఉంది. ఆర్‌ఎన్‌ఏ కుళ్లి ముక్కలైతే అలా ఉండదు. చిన్న ముక్కల వైపు ఏటవాలుగా ఒక మసక వ్యాపిస్తుంది.

ఇది కీటకాల మీద పనిచేసేవారికి పాత సంగతి. మనిషి కణాలలో రైబోజోము పెద్ద ఉపభాగంలోని 28 ఎస్ ఆర్‌ఎన్‌ఏ ఒకే తీగగా ఉంటుంది. యంత్రం చూపే గ్రాఫులో చిన్న ఉపభాగంలోని 18 ఎస్ ఒక శిఖరంగా, 28 ఎస్ ఇంకొక శిఖరంగా కనిపిస్తాయి. ఆ రెండింటి తీరును బట్టే ఆర్‌ఐఎన్ లెక్క కడతారు. చాలా కీటకాలలో 28 ఎస్ తీగ మధ్యలో సహజంగానే ఒక తెగిన చోటు ఉంటుంది. రెండు సగాలూ హైడ్రోజన్ బంధాలతో అతుక్కొని ఉంటాయి; పరీక్షకు ముందు నమూనాను వేడి చేస్తే బంధాలు విడిపోయి, రెండు సగాలూ ఇంచుమించు 18 ఎస్ పరిమాణంలోనే ఉండడం వల్ల దానితో కలిసి ఒకే శిఖరంగా కనిపిస్తాయి. మనిషి నమూనా అనుకొని లెక్క వేసే యంత్రానికి అక్కడ 28 ఎస్ మాయమైనట్టే తోస్తుంది. సంస్థ నియమావళిలో 70 డిగ్రీల వద్ద రెండు నిమిషాలు వేడి చేయాలన్న మెట్టు ఉంది.

ఫోను చేసి ఈ మాట చెబితే మొదట మాట్లాడినవారు, "మేడం, రిపోర్టులో ఫెయిల్ అని వచ్చాక మేము లైబ్రరీ చేస్తే బాధ్యత మీదే అవుతుంది, మెయిల్ పెట్టండి" అన్నారు. బాధ్యత తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మెయిలు సంతకమైతే తరువాత డేటా ఎలా వచ్చినా అడిగే హక్కు పోతుంది. వేడి చేయకుండా ఒక్క నమూనాను మళ్లీ నడపమని కోరాను. దానికి తొమ్మిది రోజులు పట్టింది. నడిపాక రెండు శిఖరాలూ చక్కగా కనిపించాయి, మిగతా 15 నమూనాలనూ ఆమోదించారు. వాళ్ల పరీక్షశాల అధికారి స్వయంగా ఫోను చేసి, "ఈసారి నుంచి కీటకాలకు వేరే కాలమ్ పెడతాం మేడం" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అయినా మనుషుల ఆర్‌ఎన్‌ఏ కాని నమూనాలు కూడా తీసుకుంటామని వెబ్‌సైటులో ప్రకటించుకున్న సంస్థకు ఈ సంగతి వినియోగదారు చెబితే తెలియవలసినది కాదు.

లైబ్రరీ తయారీలో మాకు రెండు దారులు చూపించారు. మొదటిది తోకలో ఎడినిన్ల వరుస ఉన్న సందేశ ఆర్‌ఎన్‌ఏలను మాత్రమే పట్టి తీయడం; రెండవది రైబోజోము ఆర్‌ఎన్‌ఏను తొలగించి మిగిలినదంతా చదవడం. రెండవదానికి వాళ్ల దగ్గర ఉన్న కిట్లు మనిషి, ఎలుకల క్రమాలకు తగినట్టు చేసినవి. దోమ రైబోజోము ఆర్‌ఎన్‌ఏ వాటికి సరిగా చిక్కదు. అందుచేత మొదటి దారే పట్టాము. కొవ్వు దేహానికి ఇది చక్కగా సరిపోయింది. అండాశయానికి మాత్రం ఒక పరిమితి ఉంది: పిండాభివృద్ధి కోసం తల్లి దాచి ఉంచే సందేశాలలో కొన్నిటికి తోక పొట్టిగా ఉంటుంది, డ్రోసోఫిలాలో ఇది బాగా తెలిసిన విషయం. అటువంటి సందేశాలు ఈ పద్ధతిలో తక్కువగా పట్టుబడతాయి కనుక, అండాశయంలో ఒక జన్యువు తక్కువగా కనిపిస్తే అది నిజంగా తక్కువగా పనిచేస్తోందని తొందరపడి రాయకూడదు. సంస్థ ఈ హెచ్చరికను నివేదికలో ఎక్కడా ఇవ్వలేదు.

ముడి డేటా మాత్రం అద్భుతంగా వచ్చింది. 17 నమూనాలలో 3 కోట్ల జతలకు పైనే ఉన్నాయి, ఒకదానిలో 2.2 కోట్లే వస్తే, మేము గమనించి చెప్పే లోపే వాళ్లే గుర్తించి అదనపు ఖర్చు లేకుండా మళ్లీ నడిపి లోటు పూడ్చారు. అక్షరాల నాణ్యత, నకళ్ల శాతం, అడాప్టర్ల శుభ్రత, అన్నీ మేము స్వయంగా పరీక్షించి చూశాము. వంక పెట్టడానికి లేదు. ఏ తీగ నుంచి వచ్చిన సందేశమో తెలిసేలా లైబ్రరీ చేశారు, ఆ సమాచారం స్పష్టంగా రాశారు. ఫైళ్లు పాడు కాలేదని సరిచూసుకోవడానికి చెక్‌సమ్ విలువలు కూడా ఇచ్చారు. తమ సర్వరు నుంచి దింపుకోవడానికి 30 రోజుల గడువిచ్చి, మా విశ్వవిద్యాలయ ఇంటర్నెట్ సరిపోకపోతే హార్డు డిస్కులో కొరియరు చేస్తామన్నారు, అడిగిన వారంలో చేశారు కూడా. ఆరు వారాలన్నది పది వారాలైంది. అందులో సగం ఆలస్యం ఆ 28 ఎస్ వివాదం వల్లనే.

ఇక విశ్లేషణ నివేదిక. 46 పేజీలు, రంగురంగుల పటాలు, చూడడానికి ముచ్చటగా ఉంది. మొదటి పటంలోనే ఒక వింత కనిపించింది. రక్తం తాగిన 24 గంటల కొవ్వు దేహంలో వందలాది సాధారణ జన్యువులు, కణం బతకడానికి నిత్యం అవసరమయ్యేవి కూడా, ఒక్కసారిగా తగ్గిపోయినట్టు చూపించారు. నా విద్యార్థిని కంగారుపడి, కొవ్వు దేహం చచ్చిపోతోందా అని అడిగింది.

అసలు సంగతి ఇది. ఒక తిరునాళ్ల గేటు దగ్గర నిలబడి మొదట లోపలికి వచ్చే వెయ్యి మందిని ఏ ఊరివారో అడిగి రాసుకుంటున్నామనుకుందాం. ఒక పెద్ద ఊరి నుంచి పది లారీల జనం ఒక్కసారి దిగితే మన వెయ్యిలో వాళ్లే నిండిపోతారు. మిగతా ఊళ్ల నుంచి వచ్చినవారి సంఖ్య నిజానికి తగ్గలేదు. మన లెక్కలో మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. 24 గంటల కొవ్వు దేహంలో వైటెల్లోజెనిన్ ఆ పెద్ద ఊరి లాంటిది. దాని సందేశం పొడవైనది, సంఖ్య అపారమైనది. మొత్తం రీడ్లలో చాలా పెద్ద వాటా అదే తీసుకుంటుంది. సంస్థ నివేదిక జన్యువు పొడవు, మొత్తం రీడ్ల సంఖ్య అనే రెండింటితో భాగించే పాత కొలమానం మీద ఆధారపడింది కనుక మిగతావన్నీ కుంగినట్టు వచ్చాయి. నిష్పత్తుల మధ్యగతాన్ని ఆధారం చేసుకొనే పద్ధతితో మేము మళ్లీ లెక్కిస్తే ఆ వందల జన్యువులలో చాలా వరకు యథాస్థానంలో ఉన్నాయి. ఆ పద్ధతి కూడా, ఎక్కువ జన్యువులు మారలేదన్న ఊహ మీద నిలబడినదే. రక్తం తాగిన కొవ్వు దేహంలో మార్పు చాలా విస్తృతం కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మలేక, ముఖ్యమైన ఎనిమిది జన్యువులను మా దగ్గరే రియల్ టైమ్ పీసీఆర్ అనే వేరే కొలత పద్ధతితో సరిచూశాము. ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడే తెలిసిన పరిమాణంలో పరాయి ఆర్‌ఎన్‌ఏను కలిపి ఉంటే ఈ ఇబ్బంది చాలా తగ్గేది. దాన్ని సంస్థ అమ్ముతుంది కూడా, కానీ ఎవరికి ఎందుకు అవసరమో చెప్పరు; నేనూ అప్పుడు అడగలేదు.

రెండవ లోపం ఇంతకన్నా తీవ్రమైనది. రీడ్లను ఏ జన్యుపటంతో పోల్చారో చూస్తే, 2007లో వెలువడిన మొదటి ఏడిస్ జన్యుక్రమం మీద నిర్మించిన పాత కూర్పు అది. ఆ కాలానికి అది గొప్ప పనే, కానీ వేలాది ముక్కలుగా మిగిలిపోయింది. ఈ దోమ జన్యుక్రమంలో సగానికి మించి పునరావృత భాగాలే కావడం వల్ల వాటిని అతకడం అప్పటి సాంకేతికతకు సాధ్యం కాలేదు. 2018లో బెంజమిన్ మాథ్యూస్, లెస్లీ వాస్‌హాల్ తదితరులు ప్రచురించిన ఐదవ కూర్పు మూడు క్రోమోజోములనూ చివరి నుంచి చివరి దాకా చూపిస్తుంది, జన్యువుల హద్దులు చాలా మేరకు సరిదిద్దబడ్డాయి, ప్రజా జన్యు డేటాబేసుల నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అంత మంచి పటం అందుబాటులో ఉండగా పాతదానితో పోల్చడానికి కారణం అడిగితే, తమ సర్వరులో ముందే సిద్ధం చేసి ఉన్నది అదేనని జవాబు వచ్చింది.

పటం మారితే ఫలితం ఎంత మారుతుందో సొన జన్యువులతోనే చూపవచ్చు. ఏడిస్‌లో వైటెల్లోజెనిన్ ఒక్క జన్యువు కాదు. ఒకదానికొకటి దగ్గరి పోలిక గల కొన్ని జన్యువుల కుటుంబం. ఒక రీడు రెండు మూడు చోట్ల సరిపోయినప్పుడు సంస్థ వాడిన లెక్కింపు పద్ధతి దాన్ని పూర్తిగా వదిలేస్తుంది. అలా నివేదికలో సొన జన్యువుల సంఖ్యలు ఒకదానిలో మితిమీరి ఎక్కువగా, దాని తోబుట్టువులో వింతగా తక్కువగా వచ్చాయి. ఐదవ కూర్పుతో పోల్చి, పలుచోట్ల సరిపోయే రీడ్లను సంభావ్యతను బట్టి పంచే పద్ధతి వాడితే కుటుంబం మొత్తం కలిసికట్టుగా లేచి కలిసికట్టుగా తగ్గింది. వైటెల్లోజెనిన్ గురించే పరీక్షించడానికి చేసిన ప్రయోగంలో వైటెల్లోజెనిన్ సంఖ్యలే తప్పుగా రావడం చిన్న విషయంగా తీసుకోలేను.

మూడవది, జన్యువులను జీవప్రక్రియల వారీగా గుంపులు చేసి చూపిన భాగం. మనిషి జన్యువులతో పోలిక చూసి పేర్లు తగిలించడం వల్ల ఆ పట్టికలో పార్కిన్సన్ వ్యాధి, హంటింగ్‌టన్ వ్యాధి వంటి పేర్లు పైవరుసలో ఉన్నాయి. మైటోకాండ్రియా జన్యువులు పెరిగాయన్నంత వరకే దాని అర్థం. ఈ పద్ధతి వల్ల కలిగే అసలు నష్టం వేరు: దోమకు మాత్రమే ప్రత్యేకమైన జన్యువులకు మనిషిలో సరిజోడు ఉండదు కనుక అవి పట్టిక నుంచి పూర్తిగా రాలిపోతాయి. 2019లో ఆరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు జూన్ ఇసోయే, రోజర్ మీస్‌ఫెల్డ్ బృందం వర్ణించిన గుడ్డుపెంకు నిర్మాణ కారకం, ఈఓఎఫ్1, అటువంటిదే. అది దోమలలో మాత్రమే ఉంది. దాని సందేశాన్ని అణచివేస్తే గుడ్ల పెంకు సరిగా ఏర్పడదు, నల్లబడవలసిన గుడ్లు నల్లబడవు, పిండాలు బతకవు. మా 36 గంటల అండాశయ నమూనాలలో ఈ జన్యువు స్పష్టంగా పెరిగి ఉంది. సంస్థ ఇచ్చిన ఎక్సెల్ పట్టికలో అది గుర్తింపు లేని ప్రోటీను అన్న పేరుతో రెండువేల చిల్లర వరుసలో పడి ఉంది. ఇతర జీవులకు హాని లేకుండా దోమ గుడ్లను మాత్రమే ఆపే మందు ఎప్పటికైనా వస్తే అటువంటి జన్యువుల నుంచే వస్తుందని ఆశిస్తున్నవారిలో నేనూ ఒకరిని. అందుకే ఆ వరుస చూసినప్పుడు నాకు బాధ కలిగింది.

ఇంత చెప్పాక డేటాలో మాకు దక్కినదేమిటో కూడా చెప్పాలి. సొన జన్యువులతో పాటు వైటెల్లోజెనిక్ కార్బాక్సీపెప్టిడేజ్, కెథెప్సిన్ బి జన్యువులు 24 గంటలకు ఒక్కుమ్మడిగా లేచాయి. ఇవి రెండూ సొనతో పాటు గుడ్డులో చేరే ప్రోటీన్లకు సంబంధించినవి. 36 గంటల కొవ్వు దేహంలో సొన సందేశం పడిపోతుంటే, కణం తన సొంత భాగాలను తానే జీర్ణించుకొనే ఆటోఫేజీ ప్రక్రియ జన్యువులు పైకి వచ్చాయి. అదే కొవ్వు దేహాన్ని తిరిగి విశ్రాంతి స్థితికి తెచ్చి తరువాతి రక్తభోజనానికి సిద్ధం చేస్తుందని, ఆ ప్రక్రియను ఆపితే తరువాతి విడత గుడ్లు సరిగా రావని ఇదివరకే తేలింది. అదే సమయంలో అండాశయంలో గుడ్డు పొరల జన్యువులు పనిలోకి దిగాయి. ఒక అవయవం పని ముగించుకుంటున్న గంటలోనే మరొక అవయవం పని అందుకోవడం, ఒకే దోమల నుంచి రెండు కణజాలాలూ తీసుకోబట్టి ఇంత స్పష్టంగా చూడగలిగాము. ప్రామాణిక దోమల కాలక్రమం నుంచి మా దోమలు పెద్దగా తప్పలేదు. ఈ జవాబు నమ్మదగినదిగా నిలబడడానికి సంస్థ చేసిన సీక్వెన్సింగ్ నాణ్యతే ఆధారం. అందుకు వాళ్లకు కృతజ్ఞురాలిని.

సిబ్బంది గురించి ఒక మాట. నివేదికలోని లోపాలను నాలుగు పేజీల ఉత్తరంగా రాసి పంపితే, విశ్లేషణ విభాగంలో పనిచేస్తున్న ఒక యువకుడు రెండు గంటలు వీడియో కాల్‌లో కూర్చొని ప్రతి అంశం విన్నాడు. ఐదవ కూర్పుతో మళ్లీ పోల్చి మూడు వారాల్లో కొత్త లెక్కల పట్టిక పంపాడు, డబ్బు అడగలేదు. నిజాయితీగా పనిచేసే మనిషి. కానీ అతని చేతిలో ఉన్న ప్రోగ్రాము బటను నొక్కితే నడిచేది. ఏ జీవి నమూనా వచ్చినా ఒకే నివేదికను వెలువరిస్తుంది. దోమ జీవశాస్త్రం తెలిసిన ఒక్కరిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టే పని యాజమాన్యం చేయాలి.

కాబట్టి నా సలహా స్పష్టంగా ఉంది. సీక్వెన్సింగ్ కోసం ఈ సంస్థ వంటిదాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు, ధర కూడా న్యాయమైనదే. విశ్లేషణ పొట్లాం కొనవద్దు. ఆ 53,100 రూపాయలతో మరో మూడు నమూనాలు చేయించుకోవచ్చు. ఒక కణజాలానికైనా ఒక్కో ఘట్టానికి మూడు బదులు నాలుగు బృందాలు ఉంటే గణాంకాలకు కలిగే బలం ఏ రంగుల పటమూ ఇవ్వదు. విశ్లేషణకు కావలసిన ప్రోగ్రాములన్నీ ఉచితం. కాస్త శక్తి గల కంప్యూటరు, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న విద్యార్థి ఉంటే రెండు నెలల్లో చేతికి వస్తుంది. ఒప్పందం మీద సంతకం చేసే ముందు మాత్రం వాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోవలసినవి ఉన్నాయి: నాణ్యతా పరీక్షకు ముందు నమూనాను వేడి చేస్తారా, ఆర్‌ఐఎన్ రాని కీటక నమూనాల విషయంలో ఏం చేస్తారు, లోటు పడిన రీడ్లను ఉచితంగా పూడుస్తారా, మిగిలిన ఆర్‌ఎన్‌ఏను ఎన్నాళ్లు మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచి తిరిగి ఇస్తారు. మాకు ఈ చివరి ప్రశ్న అడగాలని తట్టలేదు. తీరా అడిగేసరికి మూడు నెలల గడువు ముగిసిందని మిగిలినది పారవేశారు. నియమం ఒప్పందంలోని చిన్న అక్షరాలలో ఉంది కనుక తప్పు మాదే.

ముడి డేటాను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో జమ చేసే పని నడుస్తోంది. ప్రభుత్వ నిధులతో వచ్చిన డేటా ఎవరైనా మళ్లీ లెక్కించి చూసుకొనేలా ఉండాలి, ముఖ్యంగా ఇలా ఒకే డేటా నుంచి రెండు రకాల ఫలితాలు వచ్చినప్పుడు. సంస్థ ఇచ్చిన నివేదికనూ, మా లెక్కలనూ పక్కపక్కన పెట్టి మా విభాగం వారికి చూపించాము. పరిశోధనలో చేరిన కొత్త విద్యార్థులకు ఇప్పుడు అదే మొదటి పాఠంగా చెబుతున్నాము.

రెండవ విడత నమూనాలు సిద్ధమయ్యాయి. ఈసారి సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలను (ఇతర జన్యువుల పనిని నియంత్రించే చిన్న ముక్కలను) చదివించదలచాము, ఎందుకంటే మైఆర్-275 అనే ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏను తొలగిస్తే ఏడిస్ ఆడదోమలో రక్తం జీర్ణం కావడం, గుడ్లు ఎదగడం రెండూ దెబ్బతింటాయని 2010లోనే రైఖెల్ బృందం చూపించింది; మా దోమలలో అది ఏ గంటకు లేస్తుందో చూడాలి. పోల్చడానికి అవే నమూనాల నుంచి మామూలు ఆర్‌ఎన్‌ఏనూ చదివించేందుకు, అదే సంస్థకు, సీక్వెన్సింగ్ వరకే పంపుతున్నాము. కొత్త దరఖాస్తు ఫారంలో కీటకాల నమూనా అని టిక్కు పెట్టడానికి ఒక గడి, దాని కింద వేడి చేయరాదు అన్న వాక్యం అచ్చు వేసి ఉన్నాయి.